పదిహేడో లాప్‌వింగ్

1983 ఏప్రిల్ 5, మంగళవారం

ఇవాళ పోస్టులో ఒక అబద్ధం వచ్చింది. నీలం సిరా, గుండ్రటి చేతిరాత, ఎంతో మర్యాద. డెరెక్ ప్రాబర్ట్ అట. తన దగ్గర లెడ్వార్డ్ లాప్‌వింగ్ పదిహేడో నంబరు కారు ఉందట. అది అసలుదేనని లాప్‌వింగ్ కార్ల క్లబ్బు తరఫున నేను ఉత్తరం రాసివ్వాలట. జూన్ పన్నెండున జరిగే కార్ల కూడిక లోపు అందితే చాలా సంతోషిస్తాడట.

మా ఊరి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన లాప్‌వింగ్‌లు రెండువందల పన్నెండు. ఏది ఎవరి దగ్గరుందో, ఏది తుక్కయిందో అంతా నా రిజిస్టర్లో ఉంది. పదిహేడో నంబరు ఎదురుగా ‘1951లో ముక్కలు చేశారు’ అని నా చేత్తోనే రాశాను. మా తమ్ముడు సిరిల్ పోయింది ఆ కార్లోనే. ఇరవై నాలుగేళ్ళు వాడికి.

పాత కార్లకు ధర పెరిగిన దగ్గర్నుంచి చచ్చిన కార్లన్నీ లేచి వస్తున్నాయి. ఒక నంబరు పలక దొరికితే చాలు, దాని చుట్టూ కారు కట్టేస్తున్నారు. పోయినేడాది నలభై మూడో నంబరుతో ఇద్దరు వచ్చారు. ఇద్దరూ ఒట్టేశారు.

ఏప్రిల్ 6

జవాబు రాయలేదు. ఉత్తరం మళ్ళీ చదివాను. చేతిరాత మరీ నీటుగా ఉంది.

ఏప్రిల్ 9, శనివారం

క్లబ్బు పుస్తకానికి రాస్తున్న లాప్‌వింగ్ చరిత్రలో మూడో అధ్యాయం పూర్తయింది. యుద్ధం అయ్యాక ఉక్కు దొరక్క లెడ్వార్డ్ అన్నదమ్ములు విమానాలకని చేసి మిగిలిపోయిన అల్యూమినియం రేకులు కొన్న సంగతి, ఇంజను ఇంకెవరిదో సంసారపు కారుది తెచ్చి బిగించిన సంగతి, తయారైన వాటిలో మూడొంతులు ఓడెక్కి అమెరికా పోయిన సంగతి, అన్నీ రాశాను. డాలర్లు తెస్తేనే ప్రభుత్వం ఉక్కు ఇచ్చేది. మేం చేసిన కార్లో కూర్చునే యోగం మా ఊరి డాక్టరు గారికి కూడా పట్టలేదు.

పేరు సంగతీ రాశాను. లాప్‌వింగ్ అంటే తీతువు పిట్ట, పెద్ద లెడ్వార్డ్‌కి అదంటే ఇష్టం. గూటి దగ్గరికి ఎవరైనా వస్తే రెక్క విరిగినట్టు నటిస్తూ వాళ్ళని ఎటో దూరంగా తీసుకుపోతుంది. మోసపు పిట్ట పేరు కారుకి పెట్టడమేంటని నేను అప్పట్లోనే అన్నాను.

కుట్టు గదికి నాలుగు పేజీలు. పదకొండు మంది ఆడవాళ్ళం. తోలు, గుర్రపు వెంట్రుకలు, వేలికి సూది పోట్లు. మేం సీటు కుట్టాలి, కానీ దాన్ని కార్లో బిగించకూడదు. స్పానర్ ముట్టుకునే హక్కు ఫిట్టర్లది. ఒకసారి మేవిస్ ఒక్క మర తిప్పిందని యూనియన్ వాళ్ళు పూటంతా పని ఆపేశారు. ఏ పనైనా సగంలో ఆగితే దాని మీద సుద్దతో ఇంటూ గుర్తు గీయడం ఫ్యాక్టరీ అంతటికీ ఆచారం. ఆ గుర్తున్న కారుని ఎవరూ కదపరు.

ఒకటి మాత్రం రాయలేదు. ప్రతి సీటు అడుగున చివరి మూడు కుట్లు ఎవరి రంగు దారంతో వాళ్ళం వేసేవాళ్ళం. నాది ఆకుపచ్చ, మేవిస్‌ది ఎరుపు. ఇది అచ్చేస్తే మర్నాటి నుంచి దొంగ సీట్లన్నిటికీ ఆకుపచ్చ కుట్లు మొలుస్తాయి.

నాలుగో అధ్యాయం పదిహేడో నంబరుది. రాయాల్సింది కొంచెమే. సీటు నేను గురువారమే కుట్టి ఇచ్చేశాను. కారు అంతా బాగుందని తనిఖీ కాగితం మీద సంతకం పెట్టింది హొరేస్ బాచ్. ఆదివారం సిరిల్ ఫ్యాక్టరీ తరఫున కార్లతో కొండెక్కే పందేనికి వెళ్తుంటే దారిలో మలుపు దగ్గర కారు ఆగలేదు. బ్రేకులు.

ఏప్రిల్ 12

సరిపోల్చడానికి ఉంటుందని పాత ఆకుపచ్చ దారం కోసం బొత్తాల డబ్బా బోర్లించాను. దారం దొరికింది. రెండు బోల్టులు కూడా. నాన్నవి అయ్యుంటాయి. పారేద్దామని ప్రతిసారీ అనుకుంటాను, మళ్ళీ డబ్బాలోనే వేస్తాను.

ఏప్రిల్ 16, శనివారం

డెరెక్ ప్రాబర్ట్ స్వయంగా వచ్చాడు. ముప్ఫై ఉంటాయేమో. గోళ్ళ కింద నల్లటి జిడ్డు. మనిషిలో అదొక్కటే నిజంలా కనిపించింది. టీ ఇచ్చాను, బిస్కెట్ ఇవ్వలేదు.

“ఎక్కడ దొరికిందయ్యా ఈ కారు?”

“బ్రోమ్యార్డ్ అవతల ఒక పొలంలో మేడమ్. రైతు పోతే సామానంతా వేలం వేశారు. బీరులో వేసే హాప్స్ పూలు ఆరబెట్టే కొట్టంలో, గోనెసంచుల కింద ఉంది. ముందంతా నుజ్జయిపోయింది. నేనింకా ఏమీ ముట్టుకోలేదు.”

“ముప్ఫై రెండేళ్ళూ ఎవరికీ కనబడలేదన్నమాట. కారా అది, సూదా?”

నవ్వాడు. నవ్వమని నేను అనలేదు.

“ఆ రైతు పేరు?”

“బాచ్. అలెక్ బాచ్.”

అలెక్ హొరేస్‌కి పెదనాన్న కొడుకు. కప్పు కింద పెట్టి, ఇంకోరోజు వచ్చి కారు చూస్తానని చెప్పి పంపేశాను.

ఏప్రిల్ 17

ఇప్పుడంతా అర్థమైంది. చరిత్ర అచ్చవుతోందని హొరేస్‌కి తెలిసింది. పోయేలోపు పేరు కడుక్కోవాలని చూస్తున్నాడు. ఎక్కడిదో విరిగిన కారు తెచ్చి, మంచి బ్రేకులు బిగించి, పదిహేడో నంబరు పలక కొట్టి, ఈ కుర్రాడి చేత నా దగ్గరికి పంపాడు. నేను సంతకం పెడితే ఆయన నిర్దోషి అయిపోతాడు.

సిరిల్ చావు మీద విచారణ జరిగినప్పుడు నేను ముందు వరసలో కూర్చున్నాను. హొరేస్ లేచి, “ఆ కారు బ్రేకులకు నేను హామీ ఇవ్వలేను” అన్నాడు. అంతే, ఉద్యోగం పోయింది. నా వేలికి ఆయన ఉంగరం ఉండేది, మర్నాడే పోస్టులో పంపేశాను. అప్పట్నుంచీ ఇదే ఊళ్ళో గడియారాలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. ఆయన ఎదురొస్తే నేను రోడ్డు దాటేస్తాను.

ఏప్రిల్ 28, గురువారం

డెరెక్ షెడ్డుకి వెళ్ళాను. టార్చి, భూతద్దం, ఆకుపచ్చ దారం పట్టుకెళ్ళాను.

అది లాప్‌వింగే. ముక్కు చితికిపోయి, ఒక దీపం లేకుండా, పాత ఇనప సామానులా నిలబడి ఉంది. భూతద్దం రెండుసార్లు తుడిచాను. షెడ్డులో చెమ్మ ఎక్కువ.

డ్రైవరు సీటు అడుగున చెయ్యి పెట్టి తోలు మడిచి చూశాను. మూడు కుట్లు. ఆకుపచ్చ.

“ఏంటి మేడమ్ అక్కడ?” అన్నాడు డెరెక్.

“సాలెగూడు” అన్నాను.

ఈ కుట్ల సంగతి బతికున్న వాళ్ళలో ఇద్దరికే తెలుసు. నాకు, మేవిస్‌కి.

ఏప్రిల్ 30, శనివారం

మేవిస్ ఇంటికి వెళ్ళి మొహం మీదే అడిగేశాను. కుట్టు గదిలో పదేళ్ళు నా పక్క మిషను మీద కూర్చున్న మనిషి.

“ఆకుపచ్చ కుట్ల సంగతి ఎవరికి చెప్పావే?”

“ఏ కుట్లు?”

“నటించకు. హొరేస్ అడిగాడా?”

“ఓసి నీ అనుమానం పాడుగాను! పోయిన క్రిస్మస్‌కి పాలవాడు నీ క్రీము తాగాడన్నావు, తాగింది పిల్లి. చర్చి పాదిరీ గారు ప్లమ్ జామ్ సీసా కాజేశాడన్నావు, అది నీ అటక మీదే దొరికింది. ఇప్పుడు నేనా?”

“మరి ఆ దారం ఎలా వచ్చిందందులోకి?”

“నువ్వే కుట్టుంటావు. ఇదేం చిక్కు ప్రశ్నా? అసలు సిరిల్ పోయే ముందురోజు, ఆ శనివారం, సినిమాకి ఎంత ఆలస్యంగా వచ్చావో గుర్తుందా? నేనూ హొరేసూ బయట వానలో నిలబడ్డాం. నీ చేతులనిండా గ్రీజు. నా రుమాలే ఇచ్చాను, తిరిగి ఇవ్వలేదు కూడా.”

మేవిస్‌కి మతిమరుపు మొదలైనట్టుంది. కుట్టు గదిలో గ్రీజు ఎక్కడిది?

మే 6

సిరిల్ రోజు. సమాధి మీద పూలు పెట్టి వచ్చాను. అక్కడ అప్పటికే ఒక కట్ట ఉంది. ప్రతి ఏడూ ఉంటుంది, చీటీ ఉండదు. తప్పు చేసినవాళ్ళు పేరు రాయరు.

మే 14, శనివారం

బ్రేకులు చూడటానికి బర్మింగ్‌హామ్ నుంచి నేనే ఒకాయన్ని పిలిపించాను, హొరేస్‌ని ఎరగనివాణ్ణి. లావుపాటి మనిషి. మూడు గంటలు కారు కింద పడుకుని, లేచి, చేతులు తుడుచుకున్నాడు.

“బ్రేకులు బంగారంలా ఉన్నాయమ్మా.”

“ఈమధ్య మార్చినవి కదా?”

“మార్చినవైతే ఇంత తుప్పుండదు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ విప్పలేదు. ఇదిగో, ముందు టైరు చూడండి. ఇక్కడ అరిగి చదునైంది. చక్రం బిగుసుకుని రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. మీవాడు గట్టిగానే తొక్కాడు.”

“మరి ఎందుకు ఆగలేదు?”

“తొక్కినవాడు వదిలేశాడు. వదిలేశాడో, కాలు తప్పిందో. అది బ్రేకులు చెప్పవు.”

ఇంటికొచ్చి రిజిస్టర్ తెరిచి మళ్ళీ మూసేశాను. తుప్పు కూడా తయారు చేయొచ్చు. ఉప్పునీళ్ళు పోస్తే చాలు.

మే 21, శనివారం

ఒక్క పరీక్ష మిగిలింది. అది మేవిస్‌కి కూడా తెలియదు.

సిరిల్ పొట్టి. కారు ముక్కు మీదుగా రోడ్డు కనబడటం లేదని గొణిగేవాడు. అందుకని సీటు ఎత్తు చేస్తూ, గుర్రపు వెంట్రుకలు అయిపోతే, నాన్న పాత సైనికుల కోటు కత్తిరించి లోపల కూరాను. ఖాకీ ఉన్ని. నేను తప్ప ఎవరూ ఎరగరు.

షెడ్డులో డెరెక్ దీపం పట్టుకున్నాడు. నా కుట్లు నేనే విప్పాను. గుర్రపు వెంట్రుకలు, వాటి కింద ఖాకీ. ఒక ముక్కకి ఇత్తడి బొత్తం కూడా ఉంది, తీయడం మర్చిపోయాను కాబోలు.

అది పదిహేడో నంబరే.

ఏడవలేదు. డెరెక్ ఎక్కణ్ణుంచో ఒక కుర్చీ తెచ్చాడు. మంచివాడే అనుకుంటాను. దీపం సీటు కిందికి వంచి అడిగాడు.

“మేడమ్, ఒకటి అడగనా? ఈ సీటుకి ముందు రెండు బోల్టులే ఉన్నాయి. వెనక రెండూ లేవు.”

“దెబ్బకి ఊడిపోయి ఉంటాయి.”

“ఊడితే కన్నాల్లో మరలు చెడతాయి కదా. ఇవి చెక్కుచెదరలేదు. పెట్టనే లేదు. వెనక పట్టు లేకపోతే బ్రేకు తొక్కగానే సీటు ముందుకి తిరగబడుతుంది, మనిషి స్టీరింగ్ మీద పడతాడు. కాలు తప్పుతుంది.”

“ముప్ఫై ఏళ్ళలో ఎవడో విప్పుకుపోయుంటాడు” అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, దీపం పక్కకి తిప్పేశాడు.

సీటు నేను శుక్రవారం సాయంత్రం ఇచ్చాను. తర్వాత ఎవరేం చేశారో నాకేం తెలుసు.

మే 23

గురువారమే.

మే 24

శుక్రవారం అయ్యుండొచ్చు.

మే 25

మేవిస్ వచ్చి తలుపు కొట్టింది. తీయలేదు. కేకు మెట్ల మీద పెట్టి వెళ్ళింది.

మే 29, ఆదివారం

శనివారం. రాసేస్తాను.

1951 మే ఐదు, శనివారం. మధ్యాహ్నం ఫ్యాక్టరీ కూత పడింది. ఫిట్టర్లందరూ ఇళ్ళకో పబ్‌కో పోయారు. హొరేస్ పొద్దున్నే కారు తనిఖీ చేసి, సంతకం పెట్టి, ఐదింటికి సినిమా దగ్గర కలుద్దామని వెళ్ళాడు. అప్పుడొచ్చాడు సిరిల్.

“అక్కా, రేపు పందెం. ఆ సీట్లో కూర్చుంటే నాకు ఆకాశం తప్ప ఏమీ కనబడట్లేదే. ఇంకో రెండంగుళాలు ఎత్తెయ్యవూ?”

“ఇప్పుడా? ఫిట్టర్లెవరూ లేరు. సోమవారం చూద్దాం.”

“సోమవారం నాకెందుకే? పందెం రేపు. నువ్వే తీసెయ్. ఎవడు చూడొచ్చాడు?”

ఎవడూ చూడలేదు. ఒక బల్ల మీద నుంచి స్పానర్ తీసుకున్నాను. నాలుగు బోల్టులూ విప్పాను. నిజం చెప్పాలంటే సరదాగా ఉంది. ఇన్నేళ్ళూ ముట్టుకోవద్దన్న వస్తువు అంత తేలిక పనని తెలిసి నవ్వొచ్చింది కూడా. సిరిల్ ఏదో పనుందని వెళ్ళాడు. కోటు కత్తిరించి కూరి, కుట్టి, సీటు మళ్ళీ ఎత్తి పెట్టాను. ముందు రెండు బోల్టులు బిగించాను. వెనకవి బిగించాలంటే నేల మీద వెల్లకిలా పడుకుని కారు తోక కిందికి దూరాలి. మంచి గౌను వేసుకుని ఉన్నాను. ఐదు దాటిపోయింది. సిరిల్ వచ్చాక వాడే బిగించుకుంటాడులే అనుకున్నాను. మిగిలిన రెండు బోల్టులూ సీటు మీద పెట్టి, సుద్దతో ఇంటూ గుర్తు గీసి పరిగెత్తాను.

ముప్ఫై రెండేళ్ళుగా నా తలలో ఉన్నది ఇదే. సీటు మీద బోల్టులు, పక్కన గుర్తు. అది చూసి కూడా సిరిల్ నిర్లక్ష్యం చేశాడని అనుకోవడం కష్టం, అందుకని అసలు అనుకోవడమే మానేశాను. బ్రేకులు అనుకోవడం సులువు.

బోల్టులు సీటు మీద పెట్టుంటే బొత్తాల డబ్బాలోకి ఎలా వచ్చాయి?

ఏప్రన్ జేబులో వేసుకునుంటాను. ఏప్రన్ ఉతకబోతూ అమ్మ జేబులు దులిపి, దొరికింది డబ్బాలో పోసుంటుంది. బోల్టులు పెట్టడమే నా ఊహైతే, గుర్తు మాత్రం గీశానని ఏంటి నమ్మకం?

జూన్ 9, గురువారం

ఓటు వేసి, అటునుంచి అటే హొరేస్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, నన్ను చూసి, కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంటినిండా గడియారాల చప్పుడు.

“లోపలికి రా విన్నీ. పక్కింటావిడ చెవులు పెద్దవి.”

బోల్టులు రెండూ బల్ల మీద పెట్టాను. ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

“ఎక్కడున్నాయి ఇవి?”

“నా దగ్గరే. నీకెప్పుడు తెలిసింది?”

“ఆ ఆదివారం సాయంత్రమే. కారు లాక్కొచ్చింది నేనే కదా. శనివారం పొద్దున నాలుగూ లాగి చూశాను నేను. సాయంత్రం నీ చేతులకి గ్రీజు చూశాను.”

“మరి విచారణలో బ్రేకులన్నావేం?”

“బ్రేకులు పాడయ్యాయని అనలేదు. హామీ ఇవ్వలేనన్నాను. మిగతాది వాళ్ళే కట్టుకున్నారు.”

“ఎందుకయ్యా? నీకేం పట్టింది?”

“ఎదురుగా మీ అమ్మ కూర్చుంది. పక్కన నువ్వు. వారంలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంటుందనిపించింది. కారు ముక్కలు చేయమన్నారు. ముక్కలు చేసేవాళ్ళకీ కళ్ళుంటాయి కదా, అందుకే తుక్కు కింద నేనే కొనుక్కుని అలెక్ కొట్టంలో పడేశాను.”

“నేను నీకు ఉంగరం తిప్పి పంపాను.”

“పంపావు. రిజిస్టర్డ్ పోస్టు కూడా చేయలేదు. ఎక్కడైనా పడిపోతే?”

అప్పుడు ఏడ్చాను. సిరిల్ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఈ మనిషి ఎదురొస్తే ముప్ఫై రెండేళ్ళు రోడ్డు దాటాను. ఈయన బతుకంతా నేను తినేశాను. ఆయన లేచి టీ పెట్టాడు, ఏం చేయాలో తోచక రెండుసార్లు పెట్టాడు.

“సమాధి మీద పూలు నువ్వేనా?”

“తోటలోవే. కొన్నవి కావు.”

ఇంక ఒక్కటే అడగాలి.

“హొరేస్, సీటు మీద సుద్ద గుర్తు ఉందా?”

“ఉంది” అన్నాడు. “సీటు వెనక వైపు. వాడు తొందరలో చూసుకుని ఉండడు.”

చాలా త్వరగా అన్నాడు. ఇన్నాళ్ళు నాకోసం అబద్ధమాడినవాడికి ఇంకొకటి ఎంత? మొహంలోకి చూశాను. ఏమీ దొరకలేదు. మళ్ళీ అడగలేదు. టీ చాలా పల్చగా ఉంది, రెండు కప్పులూ తాగాను.

జూన్ 12, ఆదివారం

కూడికకి ముప్ఫై ఒక్క లాప్‌వింగ్‌లు వచ్చాయి. డెరెక్ పదిహేడో నంబరుని ట్రెయిలర్ మీద తెచ్చి గడ్డి మీద దించాడు. హొరేస్ వచ్చాడు, మొదటిసారి. మేవిస్ నన్నూ ఆయన్నీ ఒకే దుప్పటి మీద చూసి, తింటున్న శాండ్‌విచ్ ఆపేసింది.

“ఏమే, ఎవరిని అనుమానిస్తున్నావు ఇవాళ?”

“ఎవర్నీ లేదు. నీ రుమాలు బాకీ ఉన్నాను, ఇచ్చేస్తాను.”

సంచిలోంచి బోల్టులు తీశాను. హొరేస్ తన పెట్టెలో వెతికి స్పానర్ తీశాడు. తనే బిగిస్తాడనుకున్నాను. పిడి నా వైపు తిప్పి చాచాడు.

“పట్టుకో. యూనియన్ వాళ్ళెవరూ లేరులే.”

మంచి గౌనే వేసుకున్నాను. గడ్డి తడిగా ఉంది. వెల్లకిలా పడుకుని తోక కిందికి దూరాను. మొదట వేళ్ళతో తిప్పాను, రెండూ తేలిగ్గా ఎక్కాయి. తర్వాత స్పానర్‌తో బిగించాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఐదు నిమిషాల పని.

“ఇవి ఎక్కడ దొరికాయి మేడమ్?” డెరెక్ వంగి అడిగాడు.

“లోపలికి వచ్చి చూడు, నాలుగూ ఉన్నాయో లేదో. నా మాట నమ్మకు” అన్నాను.

సాయంత్రం టీ వేళకి నాలుగో అధ్యాయం పూర్తయింది. వద్దన్నాడు హొరేస్. ఇప్పుడెందుకు, ఎవరు అడిగారు అన్నాడు. ఆయన మాట వినలేదు. డెరెక్‌కి ఇచ్చే ఉత్తరంలోనూ, రిజిస్టర్లోనూ, పుస్తకంలోనూ ఒకటే రాశాను:

‘పదిహేడో నంబరు అసలుదే. బ్రేకులు బాగున్నాయి. తనిఖీ చేసింది హొరేస్ బాచ్, తనిఖీ సరిగ్గానే జరిగింది. ఆ తర్వాత శనివారం మధ్యాహ్నం సీటు విప్పి, రెండు బోల్టులతో తిరిగి పెట్టింది వినిఫ్రెడ్ ట్రాంటర్, మరణించిన డ్రైవరు సిరిల్ ట్రాంటర్ అక్క.’

సుద్ద గుర్తు గురించి రాయలేదు. నాకు తెలియనిది చరిత్రలో పెట్టను.